ముందు కూలుతుంది, తరువాతే పేలుతుంది: పిల్లలకు సూపర్‌నోవాను వివరించిన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పది నుంచి పదమూడేళ్ల పిల్లలకు ఖగోళశాస్త్రం చెప్పేవారికి నక్షత్రాల పేలుడు (సూపర్‌నోవా) అంత ఆసక్తి రేపే అంశం మరొకటి దొరకదు. అయితే పిల్లల మనసులో ఇంతగా తలకిందులుగా నాటుకుపోయే అంశం కూడా అదే. పేలుడు అనగానే వారు బాంబును ఊహించుకుంటారు. లోపల మండే సరుకు ఏదో ఉంది, వేడి మితిమీరింది, సరుకంతా ఒక్కసారిగా అంటుకుంది, అందుకే పేలింది అన్నది వారి వాదన. భారీ నక్షత్రాల విషయంలో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఇంధనం అంటుకోవడం వల్ల కాక, ఇక శక్తినివ్వగల ఇంధనమే గర్భంలో, అంటే నక్షత్రం నడిమి భాగంలో, మిగలకపోవడం వల్ల ఆ గర్భం తన బరువుకు తానే కూలిపోతుంది. ఆ కూలడంలో విడుదలైన శక్తిలో ఒక చిన్న వాటా పై పొరలను అంతరిక్షంలోకి విసిరేస్తుంది. ఈ ఒక్క సంగతిని పిల్లలు బట్టీపట్టకుండా, ఆధారాలు చూపి తమ మాటల్లో చెప్పగలిగేలా ఎలా నడిపించవచ్చో ఒక పిల్లల బృందంతో చేసిన పని ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాను.

ఇందుకు ఎంచుకున్న నక్షత్రం సాండులీక్ మైనస్ 69 202. పెద్ద మెజిల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో, మనకు సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉండిన నీలి మహాతార అది. పుట్టినప్పుడు దాని ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశికి దాదాపు 20 రెట్లు ఉండి ఉంటుందని అంచనా. 1987 ఫిబ్రవరి 24న చిలీలోని లాస్ కంపానాస్ వేధశాలలో ఇయాన్ షెల్టన్ తీసిన ఫొటో పలకపై కొత్తగా ఒక ప్రకాశవంతమైన చుక్క కనిపించింది. అదే రాత్రి అక్కడే పనిచేస్తున్న ఆస్కార్ డుహాల్డే దానిని మామూలు కంటితోనే గమనించాడు. ఆ ఏడాది కనిపించిన మొదటి సూపర్‌నోవా కాబట్టి దానికి 1987ఏ అని పేరు పెట్టారు. 1604 తరువాత మామూలు కంటికి ఇంత స్పష్టంగా కనిపించిన సూపర్‌నోవా ఇదొక్కటే.

పిల్లలతో పనిచేసేటప్పుడు ఈ కేసుకు ఉన్న బలం దాని అందమైన ఛాయాచిత్రాల్లో లేదు. పేలకముందు ఆ నక్షత్రం ఏదో మనకు తెలుసు, పేలిన రోజున గంటల వారీగా ఏం జరిగిందో రాతపూర్వకంగా ఉంది, పేలిన తరువాత ఏం మిగిలిందో ఇప్పటికీ పరిశీలన సాగుతూనే ఉంది. అంటే పిల్లలు దీనిని ఒక కథలా వినకుండా, దర్యాప్తులా తామే నడపవచ్చు.

పిల్లల తొలి అవగాహన

ఏమీ చెప్పకముందే, నక్షత్రాన్ని నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో బొమ్మ గీసి, అది ఎందుకు వెలుగుతుందో, ఎందుకు పేలుతుందో పక్కన రెండు వాక్యాలు రాయమన్నాను. దాదాపు అన్ని బొమ్మల్లోనూ అంచుల వెంట మంటలు ఉన్నాయి. లోపలి భాగాన్ని కొందరు ఖాళీగా వదిలేశారు, కొందరు లావాతో నింపారు. పేలుడుకు కారణంగా ఎక్కువమంది రాసింది «వేడి ఎక్కువైపోయి» అని. ఒక అమ్మాయి మాత్రం తాను గీసిన మంటలను తానే నమ్మలేక, «అక్కడ గాలే లేదు కదా టీచర్, మరి మంట ఎలా వస్తుంది?» అని అడిగింది. ఈ ప్రశ్న వెంటనే కేంద్రక సంలీనంలోకి (చిన్న కేంద్రకాలు కలిసి పెద్దవిగా మారడం) దూకాలన్న ఉత్సాహం కలిగిస్తుంది. సాధారణంగా పాఠాలన్నీ అక్కడే మొదలవుతాయి కూడా. నా అభిప్రాయంలో అది తొందరపాటు. సంలీనంతో మొదలుపెడితే పిల్లలు పాత మంట స్థానంలో కొత్త మంటను పెట్టుకుంటారు, బాంబు ఊహ అలాగే ఉండిపోతుంది. అందుకని మంట సరైన జవాబు కాదని మాత్రం తేల్చి, అసలు జవాబును వాయిదా వేశాను.

తేల్చడానికి లెక్క ఒక్కటి చాలు. సూర్యుడి బరువంతా బొగ్గే అనుకుని, దానికి కావలసినంత ఆక్సిజన్ కూడా ఉందనుకుని, సూర్యుడు ఇప్పుడు వెలుగుతున్నంతగా వెలగాలంటే ఆ బొగ్గు కొన్ని వేల ఏళ్లలోనే అయిపోతుంది. భూమి వయసే సుమారు 450 కోట్ల ఏళ్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి వదిలేస్తే మిగిలిన వాదన పిల్లలే పూర్తి చేస్తారు.

నక్షత్రం ఎందుకు కూలిపోవడం లేదు?

అసలు పాఠం ఈ ప్రశ్నతో మొదలైంది. సూర్యుడి వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. అది గట్టి నేల ఏదీ లేని వాయుగోళం. అందులోని ప్రతి భాగాన్నీ మిగిలిన భాగమంతా తనవైపు లాగుతూనే ఉంటుంది. ఈ లాగుడును అడ్డుకునేది ఏదీ లేకపోతే సూర్యుడంతా కేంద్రంలోకి కూలిపోవడానికి ఎంతకాలం పడుతుందో ఊహించమన్నప్పుడు లక్షల ఏళ్లు, కోట్ల ఏళ్లు అన్న జవాబులు వచ్చాయి. లెక్క వేస్తే అది సుమారు అరగంట మాత్రమే. ఈ అరగంట అన్న మాట పిల్లల దృష్టిని పూర్తిగా మార్చింది. నక్షత్రం వెలగడం వింత అనుకున్నవారికి, అది నిలబడి ఉండటమే అసలు వింత అని తోచింది.

ఇక్కడి నుంచి చివరిదాకా ఒకే పట్టికను వాడాము. అందులో రెండు గళ్లు మాత్రమే ఉంటాయి: లోపలికి లాగేది ఏమిటి, బయటికి నెట్టేది ఏమిటి. నక్షత్రం జీవితంలోని ప్రతి దశకూ పిల్లలు ఈ రెండు గళ్లు నింపాలి. మొదటి గడిలో ఎప్పుడూ గురుత్వాకర్షణే ఉంటుంది, ఆ జవాబు మారదు. రెండో గడిలో సూర్యుడికి రాయవలసింది వేడి వాయువు పీడనం. సూర్యుడి నడిమధ్యన ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. అంత వేడిలో కణాలు విపరీతమైన వేగంతో కదులుతూ, పైనున్న పొరలను ఢీకొంటూ వాటిని మోస్తుంటాయి. అయితే సూర్యుడు ఆ వేడిని వెలుగు రూపంలో నిరంతరం పోగొట్టుకుంటున్నాడు. పోయిన వేడి తిరిగి భర్తీ కావాలి. సంలీనం అవసరం పడేది సరిగ్గా ఇక్కడే. అది నక్షత్రాన్ని అంటించే నిప్పు కాదని, కారిపోతున్న వేడిని పూడ్చే ఏర్పాటు అని ఈ క్రమంలో చెబితే పిల్లలకు తేలికగా పట్టుబడుతుంది.

సంలీనం వివరాలు క్లుప్తంగా ముగించాను. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అనేక మెట్ల మీదుగా ఒక హీలియం కేంద్రకంగా మారతాయి. ఆ హీలియం బరువు నాలుగు హైడ్రోజన్ల మొత్తం బరువు కన్నా 0.7 శాతం తక్కువ. తగ్గిన ఆ ద్రవ్యరాశే శక్తిగా బయటపడుతుంది. సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను ఇలా మారుస్తున్నాడు, అందులో 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి శక్తి అవుతోంది. హైడ్రోజన్ హీలియంగా మారడమే నక్షత్రాల శక్తికి మూలం కావచ్చని 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ సూచించగా, ఏ ఏ చర్యల ద్వారా అది సాగుతుందో 1930ల చివర హాన్స్ బేథే వివరించాడు.

ఇంత పెద్ద అంకెలు చెప్పాక బాంబు ఊహ మళ్లీ తలెత్తుతుంది. దాన్ని అణచడానికి నాకు తెలిసిన అత్యుత్తమ సాధనం మరో లెక్క. కిలోకు ఇంత అని పంచి చూస్తే, మనిషి శరీరం విడుదల చేసే వేడి సూర్యుడు విడుదల చేసే వేడి కన్నా వేల రెట్లు ఎక్కువ. సూర్యుడి గర్భంలో ఒక ప్రోటాన్ మరో ప్రోటాన్‌తో కలవడానికి సగటున వందల కోట్ల ఏళ్లు ఎదురుచూడవలసి వస్తుంది. సూర్యుడు అంత వెలగడానికి కారణం సంలీనం జోరు కాదు, సూర్యుడి పరిమాణం. దీనిని పిల్లలు ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒకరు కాగితం మీద భాగహారం చేసి చూపేవరకూ వాదన సాగింది, సాగనిచ్చాను.

సంలీనం కాస్త ఎక్కువైతే గర్భం వేడెక్కి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడి సంలీనం తగ్గుతుంది. తగ్గితే గర్భం కుంచించుకుపోయి తిరిగి వేడెక్కుతుంది. ఈ సర్దుబాటు వల్లనే సూర్యుడు 460 కోట్ల ఏళ్లుగా నిలకడగా ఉన్నాడు. వేడి ఎక్కువైతే పేలుతుంది అన్న తొలి ఊహకు ఇదే సూటి సమాధానం: మామూలు నక్షత్రంలో వేడి ఎక్కువైతే అది కొంచెం ఉబ్బి, తనను తానే చల్లార్చుకుంటుంది.

ఏడు కిలోమీటర్ల కాగితం

సూర్యుడి కన్నా 8 రెట్లకు మించి బరువున్న నక్షత్రాల దారి వేరు. బరువు ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ కాబట్టి అవి ఎక్కువకాలం బతకాలి అని పిల్లలు న్యాయంగానే అనుకుంటారు. కానీ అంత బరువును మోయడానికి గర్భం మరింత వేడిగా ఉండాలి, వేడి పెరిగితే సంలీనం వేగం విపరీతంగా పెరుగుతుంది. సూర్యుడి మొత్తం ఆయుష్షు సుమారు 1000 కోట్ల ఏళ్లు కాగా, సూర్యుడికి 25 రెట్ల బరువున్న నక్షత్రంలో హైడ్రోజన్ దశ 70 లక్షల ఏళ్లలోనే ముగుస్తుంది.

గర్భంలో ఒక ఇంధనం అయిపోయిన ప్రతిసారీ ఒకే తంతు నడుస్తుంది. మొదట హైడ్రోజన్ అయిపోతుంది: వేడి భర్తీ కాదు, గర్భం కుంచించుకుపోతుంది, కుంచించుకున్నందువల్ల మరింత వేడెక్కుతుంది, ఆ వేడికి అంతవరకూ బూడిదలా పడి ఉన్న హీలియం తానే ఇంధనమవుతుంది. తరువాత హీలియం నుంచి వచ్చిన కార్బన్, ఆ తరువాత నియాన్, ఆక్సిజన్, చివరగా సిలికాన్. పాత ఇంధనాలు బయటి పొరల్లో వాడుకలో ఉంటూనే ఉంటాయి కాబట్టి నక్షత్రం పొరలు పొరలుగా తయారవుతుంది.

ఈ దశల వ్యవధులను అంకెల్లో చెబితే పిల్లలకు ఏమీ మిగలదు. అందుకని ఒక ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున కాగితపు పట్టీ మీద గీయమన్నాను. హైడ్రోజన్ దశకు 7 కిలోమీటర్ల కాగితం కావాలని తేలగానే ఆ ప్రయత్నం మాని, దానిని గది బయటి దూరంగా ఊహించుకోవడానికి ఒప్పుకున్నారు. హీలియం దశకు అర కిలోమీటరుకు పైగా కావాలి. కార్బన్ దశ సుమారు 600 ఏళ్లు, అంటే 60 సెంటీమీటర్లు. దానిని మాత్రం బల్లపై పరిచి గీశారు. నియాన్‌కు దాదాపు ఒక మిల్లీమీటరు, ఆక్సిజన్‌కు అర మిల్లీమీటరు. సిలికాన్ దశ సుమారు ఒక్క రోజు. ఆ గీతను పెన్సిల్ ఎంత చెక్కినా గీయలేమని వాళ్లే చెప్పారు. ఈ పట్టీని గోడకు అతికించి చివరిదాకా ఉంచాము. 7 కిలోమీటర్ల ప్రయాణం చివర కంటికి ఆనని గీతలో అంతా ముగుస్తుందన్న సంగతి ఆ తరువాత మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇంత హడావుడి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు న్యూట్రినోల్లో ఉంది. ఇవి పదార్థంలోంచి దాదాపు అడ్డు లేకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు. కార్బన్ దశ నుంచి గర్భం ఎంత వేడిగా ఉంటుందంటే, అక్కడ పుట్టే న్యూట్రినోలు దేనికీ చిక్కకుండా శక్తిని నేరుగా బయటికి మోసుకుపోతాయి. వెలుతురు రూపంలో అయితే అదే శక్తి బయటపడటానికి చాలా కాలం పడుతుంది. అంటే వేడి కారే దారి ఒక్కసారిగా వెడల్పవుతుంది, దానిని పూడ్చడానికి ఇంధనం అంతే వేగంగా ఖర్చవుతుంది. న్యూట్రినోను ఇక్కడే పరిచయం చేయడం ముఖ్యం, ఎందుకంటే దర్యాప్తులో అసలు సాక్షి అదే కాబోతోంది.

రెండో గడి ఖాళీ అయిన క్షణం

సిలికాన్ దశ ముగిసేసరికి గర్భంలో ఇనుము, దాని కోవకు చెందిన మూలకాలు పోగవుతాయి. (కచ్చితంగా చెప్పాలంటే అక్కడ ముందుగా ఎక్కువ మొత్తంలో తయారయ్యేది నికెల్. ఈ వయసు పిల్లలకు ఇనుము అని చెప్పడం సరిపోతుంది, పెద్ద తరగతులవారికి మాత్రం ఆ తేడా చెప్పాలి.) ఇనుముతో వచ్చిన చిక్కు ఏమిటంటే, దానికంటే చిన్న కేంద్రకాలను కలిపితే శక్తి వస్తుంది, ఇనుమును మరో దానితో కలపాలంటే శక్తి మనమే ఇవ్వాలి. గర్భం ఎంత కుంచించుకుని ఎంత వేడెక్కినా ఈసారి కొత్త ఇంధనం దొరకదు.

అయినా గర్భం వెంటనే కూలదు. బాగా దగ్గరగా ఇరుక్కున్న ఎలక్ట్రాన్లు ఇంకా దగ్గరకు రావడానికి ఒప్పుకోవు, ఆ ప్రతిఘటన వేడితో సంబంధం లేకుండా గర్భాన్ని కొంతసేపు మోస్తుంది. ఆ మోసే సామర్థ్యానికి ఒక హద్దు ఉందని 1930లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, ఇంగ్లండుకు ఓడలో వెళుతూ లెక్క కట్టినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లకు చేరువైన ఆ పరిమితికి ఆయన పేరే పెట్టారు. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఇనుప గర్భం పెరిగి పెరిగి ఈ హద్దు దగ్గరికి రాగానే ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి నెట్టబడి న్యూట్రాన్లుగా మారతాయి, మారే ప్రతిసారీ ఒక న్యూట్రినో వెలువడుతుంది. మోస్తున్న ఎలక్ట్రాన్లే మాయమయ్యాక మోసేది ఇంకేముంటుంది? పట్టికలో ఈ దశకు రెండో గడిలో ఏం రాయాలని అడిగితే, కొంత తర్జనభర్జన తరువాత అందరూ దాన్ని ఖాళీగా ఉంచారు. ఈ కేసు మొత్తానికి కీలకమైన ఘట్టం ఆ ఖాళీ గడే. పాఠం మొదలయ్యాక పేలుడు అన్న మాట నేను అంతవరకూ ఉచ్చరించలేదు.

వేల కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న గర్భం సెకను లోపే కొన్ని పదుల కిలోమీటర్లకు కూలిపోతుంది. లోపలికి పడే పదార్థం వేగం సెకనుకు 70,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చివరికి న్యూట్రాన్లు ఒకదానికొకటి ఆనుకుని ఇక నొక్కుడుపడని స్థితికి వచ్చి, కూలడం హఠాత్తుగా ఆగుతుంది.

«కూలితే లోపలికే కదా పోవాలి, బయటికి ఎలా పేలుతుంది?» అన్న ప్రశ్న ఆలస్యంగానైనా తప్పక వస్తుంది, రాకపోతే మనమే రప్పించాలి. దీనికి రెండు బంతులు తెచ్చాను. బాస్కెట్‌బాల్ మీద టెన్నిస్ బంతిని ఆనించి, రెండింటినీ కలిపి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే, పెద్ద బంతి నేలను తాకి దాదాపు అక్కడే చతికిలబడుతుంది, చిన్న బంతి మాత్రం వదిలిన ఎత్తుకు ఎన్నో రెట్లు ఎగిరి పైకప్పును కొడుతుంది. ఆ శక్తి ఎక్కడిది అని అడిగితే, కాసేపు గింజుకుని, రెండూ కింద పడటంలోంచే వచ్చిందని వాళ్లే చెప్పారు. గర్భం గట్టిపడి వెనక్కి తన్నినప్పుడు పైనుంచి పడుతున్న పొరల్లోకి ఒక ఆఘాత తరంగం ఇలాగే బయలుదేరుతుంది.

చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడితో ఆపేస్తారు, అది సరికాదని నా అభిప్రాయం. కంప్యూటర్ లెక్కల్లో ఈ తరంగం దాదాపు ఎప్పుడూ కేంద్రం నుంచి వంద, రెండు వందల కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతుంది, పైనుంచి పడే పదార్థం దాని శక్తిని మింగేస్తుంది. దానికి తిరిగి ఊపిరి పోసేది న్యూట్రినోలే. కూలిన గర్భమే మారి కొత్తగా పుట్టిన న్యూట్రాన్ నక్షత్రం నుంచి వరదలా వచ్చే న్యూట్రినోల్లో కొద్ది భాగం అక్కడి దట్టమైన పదార్థంలో చిక్కుకుని దానిని వేడెక్కిస్తుంది. విడుదలైన మొత్తం శక్తిలో 99 శాతం న్యూట్రినోలదే, పొరలను విసిరే శక్తి సుమారు ఒక శాతం, మనం కళ్లారా చూసే వెలుగు ఆ ఒక శాతంలో కూడా చిన్న తునక. వెలుగునే పేలుడు అనుకున్న పిల్లలు ఈ వాటాల చక్రం గీయబోతే వెలుగుకు ఇవ్వడానికి జాగా చాలలేదు.

సాక్ష్యాల వరుస

ఇదంతా జరిగిందనడానికి రుజువేమిటి? 1987 ఫిబ్రవరి 23 నాటి సంఘటనలను విశ్వసమయంతో (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక కాలం) సహా విడివిడి చీటీలపై రాసి, వరుస చెడగొట్టి, పిల్లల ముందుంచాను. ఉదయం 7 గంటల 35 నిమిషాలకు జపాన్‌లోని కమియోకా గనిలో ఉన్న నీటి తొట్టె 11 న్యూట్రినోలను నమోదు చేసింది, అమెరికాలోని ఒక ఉప్పు గనిలో ఉన్న ఐఎంబీ శోధకం 8, కాకసస్ పర్వతాల్లోని బక్సాన్ శోధకం 5 నమోదు చేశాయి. దాదాపు 9 గంటల 20 నిమిషాల ప్రాంతంలో న్యూజిలాండ్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ ఆకాశంలోని ఆ ప్రాంతాన్ని దూరదర్శినిలో చూశాడు, కొత్తగా ఏమీ కనిపించలేదు. 10 గంటల 40 నిమిషాల ప్రాంతంలో ఆస్ట్రేలియాలో రాబర్ట్ మెక్‌నాట్ తీసిన ఫొటోలో ఆ నక్షత్రం అప్పటికే బాగా ప్రకాశిస్తోంది. లాస్ కంపానాస్‌లో దానిని గుర్తించింది ఆ తరువాతే.

పిల్లలు జోన్స్ చీటీని మొదట పక్కన పడేశారు, ఏమీ చూడనివాడి సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది అని. చీటీలన్నీ వరుసలో పెట్టాక దాని విలువ తెలిసింది. న్యూట్రినోలు వచ్చేసరికి గర్భం కూలిపోయింది, జోన్స్ చూసేసరికి నక్షత్రం పైపైన ఇంకా మామూలుగానే ఉంది, మెక్‌నాట్ ఫొటో తీసేసరికి తరంగం ఉపరితలాన్ని చేరింది. ముందు లోపల కూలి, తరువాత బయట పేలిందనడానికి ఇంతకన్నా సూటి రుజువు ఇంకొకటి నాకు తెలియదు. న్యూట్రినోలు కాంతి కన్నా వేగంగా వచ్చాయా అని ఒక కుర్రాడు అడిగాడు. వేగంగా కాదు, ముందుగా బయలుదేరాయి అన్న జవాబును మరో పిల్లవాడే ఇచ్చాడు. కమియోకా ప్రయోగానికి సారథ్యం వహించిన మసతోషి కొషిబాకు 2002లో నోబెల్ బహుమతి దక్కింది.

ఆ నక్షత్రం వెలుగు వెంటనే తగ్గిపోలేదు. మే నెల వరకూ పెరిగి, తరువాత ఒక పద్ధతిగా తగ్గింది. పేలుడులో పుట్టిన నికెల్ 56 సుమారు 6 రోజుల అర్ధాయువుతో (సగం మారిపోవడానికి పట్టే కాలం) కోబాల్ట్ 56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారుతూ శిథిలాలను వేడిగా ఉంచాయి. 77 రోజులకోసారి సగం చేస్తూ పిల్లలు గీసిన గీత, అసలు పరిశీలనల గీత ఒకదానిపై ఒకటి దాదాపు సరిగ్గా పడ్డాయి. ఈ భాగం లెక్కలంటే ఇష్టమున్నవారికే ఎక్కువ పట్టింది, మిగిలినవారిని బలవంతపెట్టలేదు.

ఫలితం

పాఠం పూర్తయ్యాక మళ్లీ అవే బొమ్మలు గీయమన్నాను. మంటలు పోయాయి, పొరలు వచ్చాయి, బాణం గుర్తులు రెండు వైపులా వచ్చాయి. పేలుడుకు కారణం రాసేటప్పుడు ఎక్కువమంది కూలడంతో మొదలుపెట్టారు. కొందరిలో మాత్రం «ఇనుము పేలుతుంది» అన్న కొత్త తప్పు పుట్టింది. పొరల బొమ్మలో ఇనుము నట్టనడుమ ఉండటమే దీనికి కారణమని అనుకుంటున్నాను. పట్టికను మరోసారి నింపించడంతో అది చాలావరకు సర్దుకుంది.

నేర్చుకున్నది కొత్త చోట వాడగలరా అని చూడటానికి ఆర్ద్ర (బెటెల్‌గ్యూజ్) అనే భారీ నక్షత్రాన్ని తీసుకున్నాను. 2019 చివర, 2020 మొదట్లో అది గమనించదగినంతగా మసకబారినప్పుడు పేలబోతోందన్న ప్రచారం జరిగింది. అది నిజమై ఉండవచ్చా అన్నది ప్రశ్న. గర్భంలో చివరి దశలు ఏళ్లలో, రోజుల్లో ముగిసిపోతాయి కాబట్టి ఆ మార్పు పైకి కనిపించే లోపే అంతా అయిపోతుందని, కనుక పైపొర మసకబారడం గర్భం సంగతి చెప్పదని ఒక జట్టు గోడమీది పట్టీని చూపిస్తూ వాదించింది. ఆ మసకకు ప్రధాన కారణం నక్షత్రమే వెలువరించిన ధూళి అని తరువాతి పరిశీలనలు తేల్చాయి. ఆర్ద్ర ఎప్పటికైనా పేలుతుంది, లక్ష ఏళ్ల లోపు ఎప్పుడైనా కావచ్చు. మనకు 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది కాబట్టి దానివల్ల భూమికి ప్రమాదం లేదు.

సూర్యుడు పేలతాడా అన్న భయం ఈ వయసులో నిజమైనది, నవ్వి తోసేయకూడదు. సూర్యుడి గర్భం కార్బన్‌ను అంటించేంత వేడి ఎన్నడూ చేరుకోదు. సుమారు 500 కోట్ల ఏళ్ల తరువాత అది అరుణ మహాతారగా ఉబ్బి, పై పొరలను మెల్లగా వదిలేసి, భూమి అంత పరిమాణంలో శ్వేత కుబ్జంగా మిగులుతుంది. పట్టికలో రెండో గడి దానికి ఎప్పటికీ ఖాళీ కాదు, ఎలక్ట్రాన్లే ఆ బరువును మోస్తూ ఉంటాయి.

పెద్ద పిల్లలకు చేర్చదగినవి

పదమూడు దాటినవారితో ఈ కేసును ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లవచ్చు. 1987ఏ మధ్యలో న్యూట్రాన్ నక్షత్రం మిగిలి ఉండాలని న్యూట్రినోలు చెప్పినా, ధూళి చాటున దశాబ్దాలపాటు దాని జాడ తెలియలేదు. 2024 ఫిబ్రవరిలో, జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనల ఆధారంగా, శిథిలాల మధ్యభాగంలోని ఆర్గాన్, సల్ఫర్ అయాన్ల వెలుగును బట్టి అక్కడ న్యూట్రాన్ నక్షత్రం ఉన్నట్టు బలమైన ఆధారం దొరికిందని ప్రకటించారు.

రెండోది, పిల్లలు మొట్టమొదట ఊహించిన బాంబు పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఐఏ రకం సూపర్‌నోవాలో ఒక శ్వేత కుబ్జం జంట నక్షత్రం నుంచి పదార్థాన్ని గుంజుకునో, మరో శ్వేత కుబ్జంతో కలిసో, దానిలోని కార్బన్ ఒక్కసారిగా అంటుకుంటుంది. అక్కడ పీడనం వేడిమీద ఆధారపడదు కాబట్టి, సూర్యుడిలా ఉబ్బి చల్లబడే వెసులుబాటు దానికి లేదు, సరుకంతా క్షణాల్లో కాలిపోయి సాధారణంగా నక్షత్రం ఆనవాలు లేకుండా చెదిరిపోతుంది. మొదటి రకం గట్టిగా కుదురుకునే వరకూ దీనిని నేను బయటపెట్టను, ముందే చెబితే రెండూ కలగలిసిపోతాయి. కుదురుకున్న తరువాత 1054, 1572, 1604లో కనిపించిన సూపర్‌నోవాల శిథిలాలను ఇచ్చి, ఏది ఏ రకమో తేల్చమంటాను. 1054 నాటి పీత నెబ్యులా నడుమ సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రం ఉంది, మిగిలిన రెండింటిలో అలాంటిదేదీ దొరకలేదు. ఆ ఒక్క సమాచారంతో వేరుచేయగలిగినవారికి రెండు పేలుళ్ల తేడా అర్థమైనట్టే లెక్కిస్తాను.